విధేయత: నమ్మకానికి క్రియారూపం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ డెబ్బై అయిదు సంవత్సరాలలో ఈ పాఠశాల తరగతి గదుల్లో ఎక్కువసార్లు వినిపించిన మాట ఏదని అడిగితే పూర్వ విద్యార్థులు తడుముకోకుండా సమాధానం చెప్పగలరు. "మాట వినండి" అనేదే ఆ మాట. ఇంట్లో తల్లి చెప్పేదీ అదే, బడిలో ఉపాధ్యాయుడు చెప్పేదీ అదే. ఇందులో తెలుగు భాషకు సంబంధించిన ఒక విశేషం ఉంది. చెవితో ఆలకించడానికీ, చెప్పినట్టు నడుచుకోవడానికీ మన భాషలో "వినడం" అనే ఒక్క క్రియ చాలు. "వాడు ఎవరి మాటా వినడు" అంటే వాడికి చెవుడని అర్థం కాదు. ఇరుగుపొరుగు తమిళుల భాషలోనూ ఇదే తీరు. అక్కడి తల్లి తన బిడ్డను "కేళ్" అని హెచ్చరించినప్పుడు ఆ ఒక్క మాటలో ఆలకించడమూ ఉంది, ఆచరించడమూ ఉంది. బైబిలు పాత నిబంధన వెలసిన హెబ్రీ భాషలో "షమా" అనే ధాతువు ఈ రెండర్థాలనూ మోస్తుంది. కొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో విధేయతను తెలిపే పదం కూడా వినడం అనే క్రియ నుండే పుట్టింది.

వినడానికీ నడుచుకోవడానికీ నడుమ ఒక మెట్టు ఉంది. అది నమ్మకం. చెప్పేవారి మీద నమ్మకం ఉన్నవాడు విన్నదానిని చేస్తాడు. నమ్మకం లేనివాడు వింటాడు గాని కదలడు. లేదా బెత్తం కనబడుతున్నంతసేపు మాత్రమే కదులుతాడు. క్రైస్తవ విశ్వాసంలో విధేయతకు అంత ప్రాముఖ్యం ఎందుకున్నదో ఈ నడిమి మెట్టును చూస్తే బోధపడుతుంది. దేవుని నమ్ముచున్నానని నోటితో చెప్పడం సులభం. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది కాళ్ళు ఎటు నడిచాయో చూచినప్పుడే తెలుస్తుంది. ఈ విషయాన్ని గ్రంథాల నుండి కొంత, ఈ ప్రాంతపు మట్టి నుండి మరికొంత గ్రహించడం ఈ ప్రసంగ ఉద్దేశం.

గుడియాత్తం పట్టణం నేతకు పేరుపొందినది. మగ్గం ముందు కొత్తగా కూర్చున్న పిల్లవానికి పెద్దవాడు నాడె ఎలా విసరాలో, కాలితో ఎప్పుడు తొక్కాలో చెప్పుతాడు. ఎందుకు అన్న ప్రశ్నకు ఆ క్షణాన సమాధానం దొరకదు. పడుగూ పేకా కలిసి జానెడు గుడ్డ సాగిన తరువాతనే ఆ చెప్పినదానిలోని అర్థం కళ్ళకు కనబడుతుంది. ముందు అర్థమైతేనే నాడె పట్టుకుంటానని ఆ పిల్లవాడు భీష్మిస్తే అతనికి నేత ఎన్నటికీ పట్టుబడదు. అలాగని అతడు గుడ్డిగా చేస్తున్నాడా? లేదు. చెప్పేవాని చేతుల్లో రూపుదిద్దుకున్న గుడ్డను అతడు ఎన్నోసార్లు చూచాడు. చూచినవాని మీద నమ్మకం ఉంచి, ఇంకా చూడనిదానిని చేస్తున్నాడు.

బైబిలులో కనబడే విధేయులందరిదీ ఇంచుమించు ఇదే స్థితి. స్వదేశాన్నీ బంధువులనూ విడిచి బయలుదేరమని పిలుపు వచ్చినప్పుడు అబ్రాహామునకు చేరవలసిన ఊరి పేరు చెప్పబడలేదు. చూపింపబోయే దేశం అని మాత్రమే తెలుసు. అయినా బయలుదేరాడు. గెన్నేసరెతు సరస్సు ఒడ్డున పేతురుకు ఎదురైన సందర్భం మరింత ఇబ్బందికరమైనది. అతడు పుట్టుకతో జాలరి. రాత్రంతా వల వేసి ఒక్క చేపనూ పట్టలేక ఒడ్డుకు చేరిన మనిషి. వడ్రంగి ఇంట పెరిగిన బోధకుడు లోతునకు పోయి మళ్ళీ వల వేయమన్నాడు. వృత్తి అనుభవం వద్దన్నది. అలసట వద్దన్నది. చెప్పినవాని మీది గౌరవం మాత్రం వేయమన్నది. లూకా సువార్తలోని ఈ ఘట్టంలో చేపల సంఖ్య కన్న ముఖ్యమైనది, తన తర్కాన్ని చెప్పి కూడా వలను మళ్ళీ నీటిలోకి దించిన ఆ చేయి.

మత్తయి సువార్తలో యేసు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానం బడి పిల్లలకు కూడా సులభంగా అర్థమౌతుంది. తండ్రి ద్రాక్షతోటలో పని చేయమన్నప్పుడు ఒక కుమారుడు పోనన్నాడు. తరువాత మనసు మార్చుకొని పోయాడు. రెండవవాడు వినయంగా పోతానన్నాడు, పోలేదు. తండ్రి ఇష్టప్రకారం చేసినవాడెవడని యేసు అడిగిన ప్రశ్నకు విన్నవారందరూ ఒక్క సమాధానమే ఇవ్వగలిగారు. నోటితో కాదని, కాళ్ళతో ఔననిపించినవాడే ఆ కుమారుడు. ఈ ఉపమానానికి రాయవేలూరులో ఒక సజీవమైన వ్యాఖ్యానం ఉంది. ఆమె పేరు ఐడా సోఫియా స్కడర్.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించింది. ఆమె పూర్వులు స్థాపించిన అమెరికన్ ఆర్కాటు మిషను 1853 నుండి ఈ ప్రాంతంలో పనిచేస్తూ వచ్చింది. తండ్రి జాన్ స్కడర్ వైద్యుడు, మత బోధకుడు. 1876-78 నాటి మహాక్షామంలో, రొట్టె ముక్కను నోటికి ఎత్తుకొనే శక్తి కూడా లేని పిల్లలకు ఆ చిన్నపిల్ల తన చేతులతో రొట్టె తుంచి నోట పెట్టవలసి వచ్చింది. ఆ జ్ఞాపకం ఆమెను ఈ దేశానికి దగ్గర చేయలేదు, దూరం చేసింది. అమెరికాలో చదువుకొనే రోజుల్లో, తాను మాత్రం ఈ మిషను జీవితాన్ని ఎన్నుకోనని ఆమె గట్టిగా నిశ్చయించుకొన్నది. ఉపమానంలోని మొదటి కుమారుని మాట వంటిదే అది: పోను.

తల్లి అనారోగ్యం వల్ల 1890లో ఆమె ఇండియాకు రావలసి వచ్చింది. వచ్చింది సేవకు కాదు, తల్లికి తోడుగా కొంతకాలం ఉండి వెళ్ళడానికి. అప్పుడు ఆమె తల్లిదండ్రులు తిండివనంలో ఉన్నారు. ఆ ఊరిలో ఒక రాత్రి జరిగిన సంఘటనను ఆమె జీవితాంతం చెబుతూ వచ్చింది. ఒకరి వెనుక ఒకరుగా ముగ్గురు పురుషులు ఆ ఇంటికి వచ్చారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు మరో హిందూ కుటుంబానికి చెందినవారు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనతో ప్రాణాపాయంలో ఉన్నారు. తన తండ్రి వైద్యుడనీ, ఆయన వస్తాడనీ ఐడా చెప్పింది. పరపురుషుడు తమ ఇంటి స్త్రీని చూడడం తమ ఆచారానికి విరుద్ధమనీ, ఆమే రావాలనీ వారు ప్రాధేయపడ్డారు. ఆమెకు వైద్యం తెలియదు. ముగ్గురూ ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళారు. తెల్లవారేసరికి చావు డప్పు వినబడింది. సేవకుని పంపి విచారిస్తే ముగ్గురు స్త్రీలూ మరణించారని తెలిసింది.

ఈ కథను చెప్పేటప్పుడు సాధారణంగా ఐడా మనసు మారిన సంగతి చెప్పి ముగిస్తారు. విధేయత గురించి ఆలోచించేవారు ఇక్కడ ఇంకొంతసేపు ఆగాలి. ఆ రాత్రి ఆ ముగ్గురు భర్తలూ విధేయులే. పెద్దలు చెప్పిన కట్టుబాటును వారు మీరలేదు. వారు కఠినులు కారు. కఠినులైతే నడిరాత్రి వేళ పరదేశి ఇంటి తలుపు తట్టేవారు కారు. కాని వారు లోబడిన ఆ కట్టుబాటుకు వారి భార్యల ప్రాణం మీద ప్రేమ లేదు. నలుగురు ఏమంటారో అన్న భయం మాత్రమే దాని వెనుక ఉంది. ప్రేమ లేని ఆజ్ఞకు భయంతో లోబడినప్పుడు విధేయత కూడా ప్రాణం తీయగలదు. ఈ మాట బడికీ వర్తిస్తుంది, ఇంటికీ వర్తిస్తుంది, దేవాలయానికీ వర్తిస్తుంది.

తెల్లవారిన తరువాత ఐడా చేసినదేమిటి? ఆ కుటుంబాలను నిందిస్తూ వ్యాసాలు వ్రాయలేదు. వారు మారిన తరువాత చూద్దామనుకోలేదు. స్త్రీ వైద్యురాలు ఉంటే ఆ స్త్రీలు బ్రతికేవారు. కాబట్టి తాను వైద్యురాలు కావాలి. ఆమె ఆ మూడు పిలుపులలో దేవుని పిలుపును విన్నది. ఆకాశవాణి వినబడలేదు. వినబడినవి మూడు మానవ స్వరాలు, ఒక డప్పు. తల్లిదండ్రులతో తన నిర్ణయం చెప్పి అమెరికాకు తిరిగి వెళ్ళి 1895లో వైద్యవిద్యలో చేరింది. 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టం పొందింది.

ఇంతవరకు వినేవారికి ఇది ఒక మహత్తర నిర్ణయం కథగా తోచవచ్చు. నిజానికి విధేయత నిర్ణయంతో పూర్తి కాదు, అక్కడ మొదలౌతుంది. 1900 సంవత్సరం జనవరిలో ఆమె తిరిగి వచ్చింది. అనుభవజ్ఞుడైన తండ్రి ప్రక్కన కొంతకాలం పని నేర్చుకోవాలన్నది ఆమె ఆశ. అదే సంవత్సరం మే నెలలో తండ్రి కన్నుమూశాడు. ఆమెకు వేలూరులో ఆసుపత్రి లేదు. అనుభవం లేని యువతిని నమ్మి వచ్చే రోగులూ మొదట లేరు. దేవుని పిలుపు విని వచ్చిన మనిషికి దారి పొడవునా పూలు పరచి ఉండాలి గదా అని ఎవరైనా అనుకుంటే, ఆ ఏడాది వేలూరు ఆ ఆలోచనను సరిదిద్దుతుంది. మిషను బంగళాలోని ఒక చిన్న గదిలో ఆమె వైద్యం మొదలుపెట్టింది. రెండేండ్లలో ఆమె చూచిన రోగుల సంఖ్య సుమారు 5,000. న్యూయార్కు బ్యాంకరు ఒకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10,000 డాలర్ల విరాళంతో కట్టిన మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి 1902లో తెరుచుకుంది. అది 40 పడకల ఆసుపత్రి.

ఆసుపత్రి కట్టిన తరువాత రోగులు రావాలి, రాలేనివారి మాటేమిటి? ఈ ప్రశ్నే ఆమెను గుడియాత్తం దారి పట్టించింది. వేలూరు నుండి గుడియాత్తం 30 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఈనాడు బస్సులో కూర్చుంటే ఒక కునుకు తీసేలోగా చేరే దూరం. శతాబ్దం క్రితం నిండు గర్భిణికీ, కళ్ళు కనబడని ముసలమ్మకూ, పుండ్లతో నడవలేని కూలివానికీ అది దాటలేని దూరం. వారానికొకసారి మందుల పెట్టె, సహాయకులతో ఐడా ఆ దారిన బయలుదేరేది. మొదట ఎద్దుబండి, 1909లో ప్యూజో మోటారు కారు. ఆ కారు తొలిసారి కనబడినప్పుడు ఊళ్ళలో జనం బెదిరి పరుగెత్తారని ఆమె జీవిత చరిత్రకారులు వ్రాశారు. కొద్దికాలానికే ఆ జనమే దారి ప్రక్కన చెట్ల క్రింద బారులు తీరి ఆ కారు కోసం ఎదురుచూశారు. చెట్టు నీడే వైద్యశాల, కారు మెట్టే బల్ల. "రోడ్‌సైడ్" అన్న పేరుతో ఆ పరిచర్య వేలూరు వైద్య చరిత్రలో నిలిచిపోయింది.

ఈ రోడ్‌సైడ్ పనిలో విధేయత ఎక్కడుందని అడుగవచ్చు. మొదటి పిలుపు ఒక రాత్రి వచ్చింది. దానిలో ఉద్వేగం ఉంది, కన్నీరు ఉంది. గుడియాత్తం దారిలో ఉద్వేగం లేదు. దుమ్ము, ఎండ, కురుపులు, కంటి కలకలు, ప్రతి వారం అవే చెట్లు, అవే ప్రశ్నలు. ఉద్వేగంతో చేసిన వాగ్దానాన్ని ఉద్వేగం లేని రోజున నిలబెట్టుకోవడమే విధేయతకు అసలు పరీక్ష. ముందు నమ్మింది ఆమె. ఆ నమ్మకంతో ఆమె ప్రతి వారం వచ్చింది. ప్రతి వారం వచ్చింది గనుక ఆ పల్లెల జనం ఆమెను నమ్మారు. మందు వేళకు మింగమంటే మింగారు, గాయాన్ని శుభ్రంగా ఉంచమంటే ఉంచారు. ఒకరి విధేయత మరొకరిలో నమ్మకాన్ని పుట్టించింది. ఆ దారిలోనే ఉన్న కె.వి. కుప్పం ప్రాంతంలో 1977లో రూషా అనే గ్రామీణ ఆరోగ్య, సామాజిక కేంద్రాన్ని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల నెలకొల్పింది. ఎద్దుబండి ఆగిన చోట్ల వెనుకనుండి సంస్థలు వచ్చి చేరాయి.

ఒక్క మనిషి ఎన్ని చెట్ల క్రింద కూర్చోగలదు? తనవంటి స్త్రీలు వందలమంది కావాలని ఆమె గ్రహించింది. స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టాలన్న ప్రతిపాదన విన్నప్పుడు మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖ అధిపతి కర్నల్ బ్రైసన్, మూడు దరఖాస్తులు వచ్చినా గొప్పేనన్న ధోరణిలో మాట్లాడినట్టు ప్రసిద్ధి. 1918లో పాఠశాల తెరిచేనాటికి వచ్చిన దరఖాస్తులు 151. ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటి ఉంది. ఆమె అధికారిని ధిక్కరించలేదు, నియమాలను తప్పించుకోలేదు. అనుమతి తీసుకొని, ప్రభుత్వ పరీక్షలకే తన విద్యార్థినులను పంపింది. ఆ తొలి తరగతి 1922లో చదువు ముగించింది. దేవునికి విధేయులమని చెప్పుకొని లోకనియమాలను తేలికగా తీసిపారేయడం ఆ మార్గం కాదు.

అయితే ఆమెకు కష్టతరమైన విధేయత ఇంకా ముందుంది. 1938 నాటికి మద్రాసు ప్రభుత్వం వైద్యవిద్యలో డిప్లొమా చదువును తొలగించి విశ్వవిద్యాలయ పట్టం ఉండి తీరాలని నిర్ణయించింది. అందుకు కావలసిన ఆచార్యులు, పడకలు, ప్రయోగశాలలు, ధనం వేలూరులో లేవు. డెబ్బై ఏండ్ల వయసులో, 1941లో, ఆమె నిధుల కోసం అమెరికా వెళ్ళింది. అప్పటికి ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. కళాశాల నిలవాలంటే పురుషులను కూడా చేర్చుకొని, అన్ని సంఘాల సహకారంతో నడిపించడమే మార్గమని క్రమంగా తేలింది. ఎన్నో ఏండ్లు ఆమెకు అండగా నిలిచిన కొందరు ఆప్తులే దీనిని వ్యతిరేకించారు. తిండివనం రాత్రి నుండి ఆమె కన్న కల స్త్రీలకోసం స్త్రీల కళాశాల. ఆ కలకు తన చేతులతోనే మార్పు చేయవలసి వచ్చింది. ఆమె అందుకు అంగీకరించింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు లభించింది. 1947లో పురుష విద్యార్థులు చేరారు.

దేవుడు చెప్పాడని మొదలుపెట్టిన పని కొంతకాలానికి "నా పని" అవుతుంది. అప్పుడు దానిని పట్టుకొని వేలాడడమే భక్తి అనిపిస్తుంది. సౌలు రాజు కథలో సమూయేలు ప్రవక్త హెచ్చరించినది ఇదే. తనకు తోచిన బలులు ఘనంగా అర్పించడం కన్న చెప్పిన మాట వినడం శ్రేష్ఠమని ఆయన స్పష్టం చేశాడు. చెప్పినవానిమీద నమ్మకం ఉన్నవారు తాము కట్టినదానిని ఇతరుల చేతుల్లో పెట్టగలరు. నమ్మకం తమ మీదనే ఉన్నవారు పెట్టలేరు.

అలా అందుకొన్న చేతులలో ఒక తెలుగు స్త్రీ చేతులున్నాయి. డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ 1890లో విశాఖపట్నంలో జన్మించింది. తండ్రి డేనియల్ లాజరస్ ఆ ఊరి మిషను ఉన్నత పాఠశాలలో విద్యావేత్తగా పేరుపొందినవాడు. మద్రాసులోనూ బ్రిటనులోనూ వైద్యం చదివి, ప్రభుత్వ మహిళా వైద్య సర్వీసులో చేరి, 1943లో ఆ సర్వీసుకే అధిపతి అయిన వ్యక్తి ఆమె. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అంతటి ఉన్నత పదవి చూచిన మనిషి, కష్టాల్లో ఉన్న వేలూరు కళాశాలకు వచ్చి ప్రిన్సిపాలుగా, తరువాత డైరెక్టరుగా బాధ్యత మోసింది. ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయురాలు ఆమె. బడిపంతులు ఇంట పుట్టిన బిడ్డ కథను బడి జూబిలీ సభలో తలచుకోవడం సముచితం.

ఇంతవరకు చెప్పినవన్నీ ఫలితం కనబడిన కథలు. ఫలితం కనబడని చోట, ఎందుకన్న ప్రశ్నకు జవాబు రాని చోట విధేయత ఏమౌతుంది? దీనికి కూడా వేలూరు మౌనంగా ఉండలేదు. డాక్టర్ మేరీ వర్గీస్ ఆ కళాశాలలో చదివి శస్త్రవైద్యంలో శిక్షణ పొందుతున్న యువతి. 1954లో జరిగిన మోటారు ప్రమాదంలో ఆమె నడుము క్రింది భాగం చచ్చుబడిపోయింది. నిలబడి శస్త్రచికిత్స చేయవలసిన మనిషి ఇక నిలబడలేదు. ఆ కాలానికే కుష్ఠువ్యాధి వల్ల ముడుచుకుపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేసే పనిని డాక్టర్ పాల్ బ్రాండ్ వేలూరులో ఆరంభించి ఉన్నాడు. చేతుల శస్త్రచికిత్స కూర్చొని చేయవచ్చు. చక్రాల కుర్చీలో కూర్చొని ఆమె ఆ పని మొదలుపెట్టింది. తరువాత విదేశాల్లో పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చి ఆ విభాగానికి నాయకత్వం వహించింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వెలసింది. 1972లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

ఆ ప్రమాదాన్ని దేవుడే పంపాడని చెప్పడం సులభం; అది నిజమని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఇరవై ఏండ్ల పిల్లను పోగొట్టుకొన్న తల్లితో "దేవుని చిత్తం" అని చటుక్కున అనేవారు ఆ తల్లిని ఓదార్చడం లేదు. తమ అసౌకర్యాన్ని దాచుకుంటున్నారు. గెత్సేమనే తోటలో యేసు సైతం తన ముందున్న శ్రమ తొలగిపోవాలని కన్నీటితో ప్రార్థించాడు. ఆ ప్రార్థన అవిధేయత కాలేదు. తన కోరికను దాచకుండా చెప్పి, తుదకు తండ్రి చిత్తానికి తనను అప్పగించుకొన్నాడు. ప్రశ్నను మింగివేయమని క్రైస్తవ విధేయత కోరదు. ప్రశ్న జవాబు లేకుండా నిలిచి ఉండగానే, ఈ రోజు చేతికందిన మేలును చేయమని కోరుతుంది. మేరీ వర్గీస్ చేతికి అందినది ముడుచుకుపోయిన మరొక చేయి.

ఇక ఒక హెచ్చరిక. విధేయత అనే పవిత్రమైన మాటను స్వార్థానికి వాడుకొన్నవారు అన్ని మతాలలోనూ, అన్ని కాలాలలోనూ ఉన్నారు. దేవుని పేరు చెప్పి తమకు లోబడమన్నవారు, తల్లిదండ్రుల గౌరవం పేరు చెప్పి పిల్లల చదువు మాన్పించినవారు, క్రమశిక్షణ పేరు చెప్పి పసిచేతుల మీద వాతలు తేల్చినవారు ఎందరో. యెరూషలేములో అధికారుల సభ ముందు నిలబడిన పేతురు, మనుష్యుల ఆజ్ఞ దేవుని ఆజ్ఞకు ఎదురైనప్పుడు తాను దేవుని మాటే వింటానని చెప్పాడు. సరస్సు ఒడ్డున మాటకు లోబడి వల వేసినవాడూ, సభలో తల వంచనివాడూ ఒకే పేతురు. రెండూ ఒకే నమ్మకం నుండి వచ్చిన పనులు. దేవుని నమ్మినవాడు అందరికీ లోబడే బానిస కాడు. ఎవరికి ఎంతవరకు లోబడాలో తెలిసిన స్వతంత్రుడు.

కనుక విధేయతను కోరేవారి మీద ముందుగా ఒక బాధ్యత పడుతుంది. వారు నమ్మదగినవారై ఉండాలి. శిష్యులకు గురువైన యేసు నడుము కట్టుకొని వారి పాదాలు కడిగిన తరువాతనే, తాను చేసినట్టు చేయమని వారికి చెప్పాడు. గుడియాత్తం పల్లెల జనం ఐడా మాట వినడానికి ముందు ఆమె వారి పుండ్లు కడిగింది. ఈ క్రమం తలక్రిందులైతే మిగిలేది అధికారం మాత్రమే.

ఈ జూబిలీ సంవత్సరంలో ఇక్కడ సమావేశమైన పెద్దలు తమ ఇళ్ళకు తీసుకుపోదగిన ఆలోచన ఇది. పిల్లవాడు మాట వింటున్నాడా అని అడిగే ముందు, ఎందుకు వింటున్నాడు అని అడగాలి. భయపడి వింటుంటే ఆ విధేయతకు ఆయువు తక్కువ. బెత్తం పట్టే చేయి ఎవరిదైనా అతడు లోబడతాడు; రేపు పెద్దవాడైన తరువాత బలవంతుడు చెప్పిన అన్యాయానికీ అలాగే లోబడతాడు. నమ్మి వింటుంటే, ఆ పిల్లవాడు ఒంటరిగా ఉన్న రోజున కూడా ఆ మాట ప్రకారం నడుస్తాడు. చెడ్డ మాట చెప్పినవానికి తల అడ్డంగా ఊపే ధైర్యమూ అతనికి ఉంటుంది. ఇచ్చిన మాట తప్పని తండ్రి, తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పగల ఉపాధ్యాయుడు, తప్పు చేసినప్పుడు పిల్లల ముందే ఒప్పుకోగల పెద్దవారు ఆ నమ్మకాన్ని పెంచుతారు. అట్టి ఇంట, అట్టి బడిలో పెరిగిన బిడ్డకు కనబడని దేవుని నమ్మడం కూడా వింతగా తోచదు. నమ్మకమంటే ఎలా ఉంటుందో ఆ బిడ్డ ముందే చూచి ఉంటుంది.

పూర్వ విద్యార్థుల విషయంలో ఒక్క మాట. "పోను" అని ఒకప్పుడు చెప్పినవారు ఈ సభలో ఎందరో ఉండవచ్చు. వయసు మళ్ళిన తల్లిదండ్రుల దగ్గరకు, విడిచిపెట్టిన ఊరికి, సగంలో ఆపిన మంచి పనికి పోనని చెప్పినవారు. ఇద్దరు కుమారుల ఉపమానం వారికి ఆశ కలిగిస్తుంది. పోనన్న కుమారునికి తోట తలుపు మూసివేయబడలేదు. మిషను జీవితాన్ని వద్దనుకొన్న అమ్మాయే గుడియాత్తం దారిలో ముసలితనం వరకు కనబడింది.

ఐడా స్కడర్ 1960 మే నెలలో కొడైకెనాలులో కన్నుమూసింది. నేడు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల నుండి వేలాది కుటుంబాలు కాట్పాడిలో రైలు దిగి, చేతిలో కాగితాల సంచితో ఆ ఆసుపత్రి వాకిట నిలుచుంటాయి. "రాయవేలూరు పోతే చూస్తారు" అన్న నమ్మకం తెలుగు పల్లెల్లో నాటుకుపోయింది. ఆ క్యూలో నిలుచున్న గర్భిణికి తిండివనంలో మరణించిన ఆ ముగ్గురు స్త్రీల సంగతి తెలియకపోవచ్చు. వారి పేర్లు చరిత్రకు దక్కలేదు. అయినా ఆమెను పరీక్షించడానికి తలుపు తీసుకొని వచ్చే వైద్యురాలు, ఆ రాత్రి ఆ ముగ్గురు భర్తలు అడిగి పొందలేని సమాధానం. ఒక యువతి వినిన మాట అది. నమ్మి నడిచిన దారి అది.

ఈ పాఠశాల గంట ఇంకా ఎన్నో ఏండ్లు మ్రోగాలి. "మాట వినండి" అని ఉపాధ్యాయులు ఇంకా ఎన్నో తరాలకు చెప్పాలి. ఆ మాట చెప్పే పెదవులు నమ్మదగినవై ఉండాలనీ, వినే చెవుల వెనుక నిర్భయమైన మనసులుండాలనీ, విన్న మేలును చేసే కాళ్ళు చేతులు ఈ ప్రాంగణం నుండి లోకానికి వెళ్ళాలనీ ప్రార్థన.